ఒక నిమిషం మౌనానికి ఎంత ఖర్చవుతుంది?

ప్రజాస్వామ్య దేశాల చట్టసభల్లో కూర్చున్న సభ్యులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నాది కాకినాడ. 2002 నుంచి 2021 దాకా హాంగ్‌కాంగ్‌లో ఒక షిప్పింగ్ ఆఫీసులో అకౌంట్లు చూశాను. అక్కడ వరుసగా ఏడేళ్ళుంటే శాశ్వత నివాసి హోదా ఇస్తారు. పాస్‌పోర్టు ఏ దేశానిదైనా సరే, ఓటు కూడా ఇస్తారు. అలా కొన్నేళ్ళు నాకు రెండు ఊళ్ళలో ఓటుండేది, ఇక్కడి పార్లమెంటుకూ అక్కడి శాసనసభకూ. నేను నాయకుణ్ని కాను, ప్రొఫెసర్ని కాను. మీకు ఉత్తరం రాయడానికి నాకున్న అర్హత ఆ రెండు ఓట్లే.

ఏదో ఒక దేశంలో ప్రభుత్వానికి ఎదురు నిలిచిన మనిషి జైల్లోనో, సొంత ఇంట్లో నిర్బంధంలోనో కన్నుమూస్తే మీ సభల్లో ఏం జరుగుతుందో చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. 2017 జులైలో చైనాలో ఖైదీగా ఉన్న రచయిత లియు జియావోబో పోయినప్పుడు చూశాను. 2024 ఫిబ్రవరి 16న రష్యా ప్రతిపక్ష నాయకుడు అలెక్సీ నవాల్నీ ఆర్కిటిక్ ప్రాంతంలోని జైల్లో పోతే, అదే నెల 29న యూరప్ పార్లమెంటు తీర్మానం చేసింది. ధైర్యశాలి అంటారు, మానవ హక్కులు కాపాడాలంటారు, రాజకీయ ఖైదీలను విడిచిపెట్టాలంటారు. అన్నీ నిజమే. కానీ మావైపు ఒక సామెత ఉంది, చచ్చినవాడి కళ్ళు చారెడు అని. బతికున్నన్నాళ్ళూ ఎవరికీ ఆనని మనిషి, పోయాక అందగాడైపోతాడు. మీ తీర్మానాలు చదువుతుంటే నాకు ఆ సామెతే గుర్తొస్తుంది.

తీర్మానాలు వద్దనడం లేదు. వాటిమీద నాకున్న గొణుగుడు ఏమిటో చెప్పాలంటే, 2005 జనవరిలో నేను టీవీలో చూసిన ఒక నిమిషం గురించి చెప్పాలి.

ఆ నెల 17న, సోమవారం, బీజింగ్‌లో జావో జియాంగ్ చనిపోయాడు. వయసు 85. ఒకప్పుడు చైనా ప్రధాని, ఆ తర్వాత కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి. చివరి పదిహేనేళ్ళ పైచిలుకు ఇంటి గుమ్మం దాటాలన్నా అనుమతి కావాల్సిన మనిషి. రెండురోజులకు, బుధవారం, హాంగ్‌కాంగ్ శాసనసభ కూర్చుంది. ప్రజాస్వామ్యవాద సభ్యులు ఆయన కోసం ఒక నిమిషం మౌనం పాటిద్దామని అడిగారు. నిబంధనల్లో అలాంటి ఏర్పాటు లేదని సభాధ్యక్షురాలు రీటా ఫాన్ ఒప్పుకోలేదు. వాళ్ళు లేచి నిలబడ్డారు. ఆమె సభను ఆపేసింది.

అంతే జరిగింది. మన అసెంబ్లీల్లో సంతాపమంటే అధికారులు నిద్రలో కూడా నడిపించగల తంతు. తీర్మానం చదువుతారు, రెండు నిమిషాలు నిలబడతారు, సభ రేపటికి వాయిదా. అది చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టి నాకు ఆ గొడవ అర్థం కాలేదు. మర్నాడు ఆఫీసులో పక్క సీటాయన్ని అడిగాను, పోయినాయన కోసం నిమిషం నిలబడితే వీళ్ళ సొమ్మేం పోయిందని. ఆయన కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే, "ఎనభై తొమ్మిది కూడా సంతాపంతోనే మొదలైంది కదా" అన్నాడు.

ఆ మాట పట్టుకునే నేను మిగతాది తెలుసుకున్నాను. 1989 ఏప్రిల్ 15న మాజీ ప్రధాన కార్యదర్శి హు యావోబాంగ్ పోయాడు. సంస్కరణల మనిషని పేరు, ఆ పేరుతోనే రెండేళ్ళ ముందు పదవి పోగొట్టుకున్నాడు. ఆయనకు పూలదండలు వేయడానికే విద్యార్థులు బీజింగ్ నడిబొడ్డున ఉన్న తియానన్మెన్ చౌక్‌లోకి వచ్చారు. అంతకు ముందు, 1976 ఏప్రిల్‌లో, చనిపోయిన ప్రధాని జౌ ఎన్‌లై కోసం దండలు తెచ్చిన జనాన్ని అదే చౌక్‌లోంచి కొట్టి తరిమారు. చనిపోయినవాళ్ళకు పెట్టే పూలంటే బీజింగ్‌కు ఎందుకంత టెన్షనో అప్పుడు తెలిసింది. మీ సభల్లో రివాజుగా సాగిపోయే పని అక్కడ దండయాత్ర కింద లెక్క.

జావో జియాంగ్ గురించి మీ తీర్మానాల్లో ఎప్పుడైనా రాయాల్సి వస్తే, దయచేసి ఆయన్ని దేవుణ్ని చేయకండి. 1959లో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్ర పార్టీ నాయకుల్లో ఒకడిగా, రైతులు ధాన్యం దాచేస్తున్నారంటూ వాళ్ళ ఇళ్ళ మీదికి పార్టీ మనుషుల్ని నడిపించినవాడు ఈయనే. దాచారని ఆయన రాసిన నివేదిక మావోకు నచ్చి, మిగతా రాష్ట్రాలకూ పంపించాడు. దేశమంతా కరువు కమ్ముకుంటున్న రోజులవి. గింజలు లేని రైతు ఇంట్లో గింజలు వెతికించిన మనిషి చేతికి ఏమీ అంటలేదని ఎవరూ అనలేరు. తర్వాత ప్రధానిగా ఉన్న ఏళ్ళలోనే ఒక్క బిడ్డ నియమం ఊరూరా కఠినంగా అమలైంది.

అలాంటి మనిషి మారాడు, నాకు ఆయన మీద గౌరవం అక్కడ మొదలవుతుంది. మావో నడిపిన సాంస్కృతిక విప్లవంలో పదవి ఊడి, హునాన్‌లో ఒక ఫ్యాక్టరీలో నాలుగేళ్ళు ఫిట్టర్‌గా పనిచేశాడు. 1975లో సిచువాన్‌కు పంపారు. సుమారు పది కోట్ల జనమున్న రాష్ట్రం, తిండికి కటకట. రైతులు సొంతంగా సాగు చేసుకునే పొలం చెక్కలు ఎక్కువ ఇచ్చాడు, ఏం పండించాలో వాళ్ళనే తేల్చుకోనిచ్చాడు, పంట పెరిగింది. "తిండిగింజలు కావాలంటే జియాంగ్‌ని వెతుక్కో" అని అక్కడ ఒక మాట పుట్టింది. చైనీస్‌లో 'వెతుక్కో' అనే మాటా, ఆయన ఇంటిపేరూ దాదాపు ఒకేలా పలుకుతాయి, అదీ అందులోని చమత్కారం. పదహారేళ్ళ కిందట రైతు గాదెల్లో గింజలు వెతికించిన మనిషినే జనం గింజల కోసం వెతుక్కున్నారన్నమాట.

1989 మే నెలకు వద్దాం. నిరాహార దీక్షలో ఉన్న పిల్లలతో మాట్లాడాలా, సైన్యాన్ని దించాలా అన్న వాదన మే 17న, అందరికంటే పైమాట ఎవరిదో ఆ పెద్దాయన డెంగ్ జియావోపింగ్ ఇంట్లో తేలింది. సైన్యమే అన్నారు. పిల్లల మీదికి సైన్యాన్ని పంపిన ప్రధాన కార్యదర్శిగా మాత్రం తాను ఉండనని జావో తేల్చుకున్నాడు. 19వ తేదీ ఇంకా తెల్లవారకముందే చౌక్‌కు వెళ్ళి, చేత్తో పట్టుకునే మైకులో, "విద్యార్థులారా, మేం చాలా ఆలస్యంగా వచ్చాం" అన్నాడు. మేం ముసలివాళ్ళమైపోయాం, మాకేమైనా ఫర్వాలేదు, మీరు బతకాలి, దీక్ష ఆపండి అని బతిమాలాడు. ఆ ఫొటో మీరంతా చూసే ఉంటారు. పక్కన నల్లకోటులో నిలబడ్డ మనిషి వెన్ జియబావో, తర్వాత రోజుల్లో పదేళ్ళు ప్రధానిగా చేశాడు. జావో మళ్ళీ జనంలో కనపడలేదు.

ఇక్కడిదాకా కథ చాలామందికి తెలుసు. చట్టసభల సభ్యులు కాబట్టి మీకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఆ తర్వాతి పదిరోజుల సంగతి.

చైనాకూ ఒక పార్లమెంటు ఉంది, జాతీయ ప్రజా కాంగ్రెస్. మార్షల్ లా పెట్టే అధికారం, తీసేసే అధికారం అప్పటి రాజ్యాంగంలో దాని స్థాయీ సంఘానికి కూడా ఉండేవి. మే 20న బీజింగ్‌లో మార్షల్ లా ప్రకటించగానే ఆ సంఘంలో కొందరు సభ్యులు, అత్యవసర సమావేశం పెట్టండి, దీన్ని చర్చిద్దాం అని సంతకాల సేకరణ మొదలుపెట్టారు. దాని వెనక ముఖ్యుడు హు జివే, ఒకప్పుడు పీపుల్స్ డైలీ పత్రిక నడిపినవాడు. సంతకాలు పదుల్లో పడ్డాయి. సమావేశం పిలవాల్సిన అధ్యక్షుడు వాన్ లీ అప్పుడు ఉత్తర అమెరికా పర్యటనలో ఉన్నాడు. తిరిగొస్తే ఏమంటాడోనని ఊరంతా ఎదురుచూసింది. మే 25న ఆయన విమానం బీజింగ్‌లో దిగలేదు, షాంఘైలో దింపారు. రెండురోజులకు మార్షల్ లాను సమర్థిస్తూ ఆయన పేరుతో ప్రకటన వచ్చింది. సమావేశం జరగలేదు. జూన్ 3 రాత్రి ట్యాంకులు వచ్చాయి. చనిపోయినవాళ్ళు వందల్లోనా, వేలల్లోనా అన్న లెక్క ఇప్పటికీ తేల్చనివ్వలేదు. తర్వాత హు జివేను ఆ సంఘం నుంచి తీసేశారు.

ఆ పదిరోజుల గురించి చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. అక్కడ తుపాకీలకు అడ్డం పడగలిగిన కాగితం ఒకటుంది. ఎజెండా ఉంది, సంతకాలున్నాయి. గంట కొట్టి సభ మొదలుపెట్టాల్సిన మనిషి విమానాన్ని వేరే ఊళ్ళో దింపారు. అంతే తేడా. సభ కూర్చోవడం అనే మామూలు సంగతికి ఉన్న విలువ, రోజూ కూర్చునే మీకు తెలియకపోవచ్చు.

జావోకు తెలిసింది. జూన్ చివర్లో ఆయన్ని పదవుల్లోంచి తీసేసి, అల్లర్లను సమర్థించాడని, పార్టీని చీల్చాడని నేరం మోపారు. తప్పు ఒప్పుకుంటే చాలు, పార్టీలో ఏదో ఒక కుర్చీ దొరికేది, అక్కడ అలా దొరికినవాళ్ళు బోలెడుమంది. ఒప్పుకోలేదు. ఆయన కార్యదర్శి బావో తోంగ్‌ను ఏడేళ్ళు జైల్లో పెట్టారు. జావోను బీజింగ్‌లో ఫుచియాంగ్ హుతోంగ్ అనే సందులోని ఇంట్లో ఉంచి బయట కాపలా పెట్టారు. 1997లో పార్టీ మహాసభకు ఉత్తరం రాసి, జూన్ 4 నాటి ఆ కాల్పుల మీద మళ్ళీ విచారణ చేయమన్నాడు. దానికి జవాబుగా కాపలా ఇంకా బిగించారు.

ఆ ఇంట్లో కూర్చుని 2000 ప్రాంతంలో ఆయన ఎవరికీ తెలియకుండా సుమారు 30 గంటలపాటు క్యాసెట్లలో మాట్లాడి పెట్టుకున్నాడు. అవి కొత్త క్యాసెట్లు కూడా కావు. పిల్లల పాటలు, పెకింగ్ ఒపెరా ఉన్నవాటి మీదే రికార్డు చేశాడు, పైన పేరు రాయలేదు. స్నేహితులు కొందరు వాటిని బయటికి చేర్చారు. ఆయన పోయిన నాలుగేళ్ళకు, 2009లో, పుస్తకంగా వచ్చాయి. అందులో చివరిదాకా చదివితే, జీవితమంతా కమ్యూనిస్టు పార్టీలో గడిపిన ఆ ముసలాయన తేల్చిన మాట ఒకటుంది: పార్లమెంటరీ ప్రజాస్వామ్యమే అన్నింటికంటే జీవం ఉన్న పద్ధతి అని.

అంటే మీ గురించే. మీ బల్లలు, మీ మైకులు, మీ వాకౌట్లు, మీ మూజువాణి ఓట్లు, అన్నింటినీ కలిపి. ఆయనకు మీరు శ్రద్ధాంజలి పెట్టడం తర్వాత సంగతి, ఆయనే మీకొక కితాబు రాసిచ్చి పోయాడు.

ఆయన అంత్యక్రియలు 2005 జనవరి 29న బాబావోషాన్ శ్మశానంలో జరిగాయి. పిలుపు కాగితం ఉన్నవాళ్ళనే లోపలికి పంపారు. సంతాప ప్రసంగం లేదు. ఆయన తీవ్రమైన తప్పులు చేశాడని ప్రభుత్వ వార్తాసంస్థ ఆ రోజు కూడా రాసింది. అస్థికలు ఎక్కడ ఉంచాలన్న దగ్గర ప్రభుత్వానికీ ఇంటివాళ్ళకూ కుదరలేదు, అవి ఇంట్లోనే ఉండిపోయాయి. నదిలో కలపని అస్థికలు ఇంట్లో పదిరోజులుంటేనే మనకు మనసు కుదురుగా ఉండదు. వాళ్ళు పద్నాలుగేళ్ళు పెట్టుకున్నారు. 2019 అక్టోబర్ 18న, ఆయన నూరో పుట్టినరోజు మర్నాడు, బీజింగ్ శివార్లలోని ఒక ప్రైవేటు స్మశానవాటికలో భార్య అస్థికలతో కలిపి పూడ్చారు.

ఆ రోజుల్లో చైనా పాలనలో ఉన్న నేల మీద ఆయన కోసం బహిరంగంగా జనం చేరిన పెద్ద సభ ఒక్క హాంగ్‌కాంగ్‌లోనే జరిగింది. 2005 జనవరి 21, శుక్రవారం రాత్రి, విక్టోరియా పార్కు. పదివేల మంది దాకా వచ్చారు. నేనూ వెళ్ళాను, కొంత భక్తి, ఎక్కువ కుతూహలం. కొవ్వొత్తి చుట్టూ కాగితం కప్పు తొడిగి ఇస్తారు, మైనం చేతిమీద పడకుండా. ఆ తర్వాత ఏటా జూన్ 4కు కూడా వెళ్ళడం అలవాటైంది. సభ అయ్యాక వలంటీర్లు నేల మీద కూర్చుని, కారిన మైనాన్ని గీకి తీసేవాళ్ళు, పొద్దున ఫుట్‌బాల్ ఆడే పిల్లలు జారిపడకుండా. మా ఆవిడ ఒకసారి వచ్చి అది చూసి, "మన ఊళ్ళో సభ అయ్యాక ఇలా గీకేవాళ్ళని చూపించు" అంది. నాకు జవాబు దొరకలేదు.

2020లో కోవిడ్ పేరు చెప్పి మొదటిసారి ఆ సభను నిషేధించారు. అదే జూన్ 30 రాత్రి బీజింగ్ చేసిన జాతీయ భద్రతా చట్టం వచ్చింది. 2021 సెప్టెంబర్‌లో, ఆ సభలు నడిపే సంఘం తనను తాను రద్దు చేసుకుంది. 2023 నుంచి జూన్ 4 వచ్చేసరికి ఆ పార్కులో బీజింగ్ అనుకూల సంఘాలవాళ్ళు తినుబండారాల తిరునాళ్ళు పెడుతున్నారు.

ఇప్పుడు, 2005 జనవరి నాటి ఆ శాసనసభలో ప్రజాస్వామ్యవాదుల వైపు కూర్చున్నవాళ్ళకు ఏమైందో చెబుతాను. మార్టిన్ లీ, హాంగ్‌కాంగ్ రాజ్యాంగ చట్టం రాసిన సంఘంలో ఒకప్పుడు సభ్యుడు. 2019లో అనుమతి లేని ప్రదర్శనలో నడిచాడని, 82 ఏళ్ళ వయసులో, 2021 ఏప్రిల్‌లో 11 నెలల శిక్ష వేసి అమలు నిలిపి ఉంచారు. మార్గరెట్ ఇంగ్, లాయరు, ఆమెకూ అదే కేసులో అలాంటి శిక్షే. లీ చ్యూక్‌యాన్, కార్మిక నాయకుడు, 1989 జూన్‌లో హాంగ్‌కాంగ్ జనం ఇచ్చిన చందా డబ్బు బీజింగ్ పట్టుకెళితే పట్టుకుని, తప్పు ఒప్పుకున్నట్టు కాగితం రాయించుకుని వదిలారు. 2021లో మళ్ళీ జైలుకు పంపారు, ఈసారి సొంత ఊళ్ళోనే. ఆల్బర్ట్ హో కూడా జైలుకు వెళ్ళాడు. వాళ్ళిద్దరి మీదా, ఆ కొవ్వొత్తుల సభలు నడిపిన సంఘం పేరుతో, ప్రభుత్వాన్ని కూలదోయడానికి రెచ్చగొట్టారన్న కేసు కూడా పెట్టారు. 'పొడుగు జుట్టు' అని అందరూ పిలిచే లియుంగ్ క్వోక్‌హంగ్‌కు, ప్రతిపక్ష అభ్యర్థులను ఎంచుకోవడానికి జనంలో ఓటింగ్ పెట్టిన కేసులో, 2024 నవంబర్‌లో ఆరేళ్ళ తొమ్మిది నెలలు వేశారు.

ఆ ఒక్క నిమిషానికే ఈ శిక్షలని నేననను, అది అబద్ధమవుతుంది. కానీ ఆ నిమిషం నిలబడ్డ స్వభావమే వాళ్ళను ఆ బోనులదాకా నడిపించింది. నేను ఓటేసిన ఆ సభ కూడా ఇప్పుడు లేదు. 2020 నవంబర్‌లో నలుగురు సభ్యులను అనర్హులను చేస్తే, మిగిలిన ప్రతిపక్షం మూకుమ్మడిగా రాజీనామా చేసింది. 2021లో సీట్లు 90కి పెంచి, జనం నేరుగా ఎన్నుకునేవి 20కి తగ్గించి, 'దేశభక్తులు' మాత్రమే పోటీ చేయాలన్నారు. ఆ డిసెంబర్ ఎన్నికల్లో ఓటేసినవాళ్ళు 30.2 శాతం. అప్పటికే నేను కాకినాడ వచ్చేశాను.

వాళ్ళ నిమిషానికి అంత ఖర్చయింది. మీ తీర్మానానికి ఎంతవుతుంది? అకౌంట్లు రాసేవాణ్ని కాబట్టి ఖర్చు దగ్గరికే నా చూపు పోతుంది.

మీకు ఖర్చు పెట్టడం చేతకాదని కాదు. 1989 తర్వాత అమెరికాలో చదువుకుంటున్న చైనా విద్యార్థులను వెనక్కి పంపకుండా ఉండేందుకు అక్కడి ప్రతినిధుల సభ సభ్యురాలు నాన్సీ పెలోసీ బిల్లు పెట్టారు. అధ్యక్షుడు బుష్ వీటో చేశాడు. ఆ వీటోను దాటడానికి ప్రతినిధుల సభ ఓటేసింది, సెనేట్‌లో కొద్ది ఓట్లతో ఆగింది. బుష్ ఉత్తర్వుతో కొంత రక్షణ ఇచ్చాడు, చివరికి 1992లో చట్టమే వచ్చింది, వేలమందికి గ్రీన్‌కార్డులు వచ్చాయి. గ్రీన్‌కార్డు అంటే ఏమిటో, దానికోసం ఎన్నేళ్ళు క్యూలో నిలబడాలో తెలుగు ఇళ్ళలో ఎవరికీ చెప్పక్కర్లేదు. పెలోసీ 1991లో తియానన్మెన్‌లో బ్యానర్ పట్టుకున్న ఫొటోయే అందరికీ గుర్తు. నాకైతే ఆ ఫొటోకంటే ఆ చట్టం గొప్ప.

అదే వాషింగ్టన్, 1994లో వ్యాపారం వేరు, మానవ హక్కులు వేరు అని రెండింటి మధ్య ముడి విప్పేసింది. 2000 మేలో ప్రతినిధుల సభ 237-197 ఓట్లతో చైనాకు శాశ్వత వ్యాపార హోదా ఇచ్చింది. వ్యాపారం తప్పని నేననను, పంతొమ్మిదేళ్ళు ఆ ఓడల బిల్లులతోనే నా ఇల్లు గడిచింది. కానీ ఒకచేత్తో రాసిన తీర్మానానికీ, ఇంకోచేత్తో పెట్టిన సంతకానికీ మధ్య తేడా అవతలివాళ్ళు లెక్క కట్టుకుంటారు. మనకంటే బాగా కడతారు.

యూరప్ సంగతి ఇంకా తమాషా. తియానన్మెన్ తర్వాత చైనాకు ఆయుధాలు అమ్మకూడదని 1989 జూన్‌లో నిషేధం పెట్టారు. సరిగ్గా జావో పోయిన ఆ చలికాలంలో, ఫ్రాన్స్ అధ్యక్షుడు షిరాక్, జర్మనీ ఛాన్సలర్ ష్రోడర్ ఆ నిషేధం ఎత్తేద్దామని పట్టుబడుతున్నారు. జూన్ 4 మీద బీజింగ్ ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు, అయినా. దానికి యూరప్ పార్లమెంటు ఎదురు తిరిగింది. తైవాన్ మీదికి గురిపెట్టి 2005 మార్చిలో చైనా చేసిన చట్టం కూడా కలిసొచ్చింది, నిషేధం ఉండిపోయింది. ఆ ఆయుధాల ఓటే ఆ ఏడాది జావోకు జరిగిన అసలైన సంతాపమని నా లెక్క. ఆయన పేరు అందులో ఉందో లేదో ఎవరికి కావాలి.

ఈ మాటలు రాస్తుంటే, ముందు నీ ఇల్లు చూసుకో అని ఎవరో ఒకరు అంటారని తెలుసు. బీజింగ్ విదేశాంగ ప్రతినిధి ప్రతి తీర్మానానికీ ఇచ్చే జవాబూ అదే. చూసుకోవాల్సిందే. 1975లో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు ప్రతిపక్ష ఎంపీలు జైళ్ళలో ఉండగానే మా పార్లమెంటు కూర్చుని దాన్ని ఆమోదించింది. అక్కడ సభను కూర్చోనివ్వలేదు, మా సభ కూర్చుని మరీ తలూపింది. ఏది ఎక్కువ సిగ్గో నేను తేల్చలేను. మా పాత తూర్పుగోదావరి జిల్లాలో అమలాపురంలో పుట్టిన జి.ఎన్. సాయిబాబా, చక్రాల కుర్చీలో తిరిగే ప్రొఫెసర్. 2014లో అరెస్టు, 2017లో యావజ్జీవం. 2022లో బొంబాయి హైకోర్టు నిర్దోషి అంటే మర్నాడే సుప్రీంకోర్టు ఆ తీర్పును ఆపింది. 2024 మార్చి 5న హైకోర్టు మళ్ళీ నిర్దోషి అంది. ఏడునెలలు బయట బతికి అక్టోబర్ 12న హైదరాబాద్ నిమ్స్‌లో పోయాడు. ఆయన రాజకీయాలు నాకు నచ్చాలని లేదు. నిర్దోషి అని తేలిన మనిషి దగ్గర్నుంచి తీసుకున్న ఏళ్ళ గురించి మన సభల్లో ఒక పూట చర్చ జరగాలా వద్దా? మన ఎంపీలు పక్కదేశపు ఖైదీ గురించి మాట్లాడటానికి లేచినప్పుడు గొంతు తడబడేది ఇందుకే. అందుకని కూర్చోమనను, రెండూ మాట్లాడమంటాను.

సరే, ఏం చేయమంటావు అంటారా. నాకంటే ముందునుంచీ చట్టసభకు ఉత్తరాలు రాస్తున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళ దగ్గర మొదలుపెట్టండి. డింగ్ జిలిన్ బీజింగ్‌లో యూనివర్సిటీ అధ్యాపకురాలిగా పనిచేసింది. 1989 జూన్ 3 రాత్రి ఆమె పదిహేడేళ్ళ కొడుకు జియాంగ్ జియేలియన్‌ను సైనికులు కాల్చేశారు. ఆమె, బిడ్డల్ని పోగొట్టుకున్న మిగతావాళ్ళు కలిసి తియానన్మెన్ తల్లులుగా ఏర్పడి, ఇల్లిల్లూ తిరిగి, పోలీసుల కళ్ళుగప్పి, చనిపోయిన 200 మందికి పైగా పేర్లు పోగు చేశారు. నిజం చెప్పండి, పరిహారం ఇవ్వండి, బాధ్యులను చట్టం ముందు నిలబెట్టండి అని ఏళ్ళ తరబడి తమ జాతీయ ప్రజా కాంగ్రెస్‌కే ఉత్తరాలు రాశారు. సమావేశం పిలవని ఆ సభకే. జవాబు రాలేదు. వాళ్ళలో చాలామంది జవాబు కోసం చూస్తూనే పోయారు.

కాబట్టి మీ తీర్మానంలో పోయిన పెద్దాయన పేరు ఒకటుంటే, బతికున్న ఖైదీల పేర్లు పది ఉండాలి. 'రాజకీయ ఖైదీలందరూ' అని రాస్తే కుదరదు, ఆ 'అందరూ' ఎవరికీ గుర్తుండరు. పేరు, ఏ జైలు, ఎప్పుడు విడుదల కావాలి. ఒక్కో పేరు ఒక్కో సభ్యుడు తీసుకోవాలి, ఆడపిల్ల పెళ్ళిలో ఒక్కో ఖర్చు ఒక్కో బంధువు నెత్తినేసుకున్నట్టు. ఆర్నెల్లకోసారి సభలో లేచి, ఫలానా మనిషి ఎలా ఉన్నాడని మీ విదేశాంగ మంత్రిని అడగాలి. మంత్రి చిరాకు పడతాడు, పడనివ్వండి. పారిపోయి వచ్చినవాళ్ళకు ఉండటానికి చోటు చూపించే చట్టం మీ దేశంలో ఉందో లేదో చూడండి. బ్రిటన్ 2021లో హాంగ్‌కాంగ్ వాళ్ళకు ఒక దారి తెరిచింది. మా దేశంలో శరణార్థుల చట్టమన్నదే లేదు, మా ఎంపీలు ఇది చదివితే ఈ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగండి. మీ కంపెనీలు అమ్మే కెమెరాలు, సాఫ్ట్‌వేర్లు ఏ పోలీసుల చేతికి పోతున్నాయో కూడా అడగండి. అది అడిగితే మీ నియోజకవర్గంలో ఒక ఫ్యాక్టరీ యజమాని మీకు ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ వచ్చిందంటే మీరు నిజంగా ఏదో ఖర్చు పెడుతున్నారని గుర్తు.

నా దగ్గర 2019 జూన్ 4 నాటి కాగితం కప్పు ఒకటుంది, అడుగున గట్టిపడిన మైనంతో. సామాను సర్దేటప్పుడు మా ఆవిడ చెత్తబుట్టలో వేయబోతే తీసుకుని అకౌంట్ల ఫైళ్ళ మధ్య పెట్టాను.

ఈ ఉత్తరానికి జవాబు రాయాలనిపిస్తే తీర్మానం కాపీ పంపకండి, అవి నా దగ్గర చాలా ఉన్నాయి. మీరు జైల్లో ఉన్న ఒక మనిషికి ఉత్తరం రాసి, అది 'చిరునామాదారు తీసుకోలేదు' అన్న ముద్రతో తిరిగొస్తే, ఆ కవరు ఫొటో పంపండి. తిరిగి రాకపోతే ఇంకా మంచిది, తారీఖు చెప్పండి చాలు.

ఇట్లు,
రెండు ఓట్లలో ఒకటి మిగిలిన ఓటరు,
కాకినాడ